ఎత్తిపెట్టిన పిడికెడు

నిన్న పొద్దున పొయ్యి గట్టు కింద ఉండే పాత బిస్కెట్టు డబ్బాకు మూత పడలేదు. అరచేత్తో అదిమాను, పడలేదు. తీసి చూస్తే బియ్యం అంచుదాకా వచ్చి ఉంది. పైన ఒక ముక్కపురుగు తీరిగ్గా నడిచిపోతోంది. నా వంటింట్లో పురుగు! వేపాకు వెయ్యకుండా, ఎండబెట్టకుండా నేను గుప్పెడు గింజలు దాచిన రోజు లేదు. ఈ డబ్బాలో మాత్రం వేపాకు వెయ్యలేదు. ఎందుకు వేస్తాను? ఇందులో బియ్యం ఎప్పుడూ వారం దాటి నిలవ ఉండింది లేదు. శుక్రవారం పొద్దున్నే ఆమె వచ్చి సంచీ నోరు తెరిచేది. ఇప్పుడు ఆమె పోయింది. డబ్బా నిండింది. నా చెయ్యి మాత్రం ఆగలేదు.

మా క్రైస్తవుల ఇళ్ళలో పెద్దల నాటి నుంచి ఒక వాడుక ఉంది. అన్నానికి కొలిచిన బియ్యంలో, కడగక ముందే, ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వెయ్యాలి. అది దేవుడి వాటా. ఒకసారి అందులో పడిందంటే ఇంట్లో పస్తులున్నా తిరిగి మన కుండలోకి రాకూడదు. పల్లెల్లో అయితే సంఘం పెద్దలు పోగుచేసి కోత పండగనాడు వేలం వేస్తారు. పుదుచ్చేరిలో ఇప్పుడు ఎవరికీ అంత ఓపిక లేదు. చర్చిలో కవరు ఇస్తారు, అందులో నోటు పెడతాం, సరిపోతుంది. నాకు తెలిసి ఈ ఊళ్ళో పిడికెడు బియ్యం కోసం గడప గడపా తిరిగింది ఆ ఒక్క మనిషే. పేరు రాయను. పేరు పెట్టి పొగిడితే ఆమెకు గిట్టేది కాదు. పేరు పెట్టి తిడితే ఇప్పుడు బాగుండదు. నాకేమో రెండూ చెయ్యాలని ఉంది.

యానాం మనిషి. మొగుడు ఇక్కడ ఏదో సర్కారు ఆఫీసులో బంట్రోతుగా ఉండేవాడు. ఆయన పోయాక కూడా తిరిగి పోకుండా మా ఒర్లియంపేటలోనే, మా వీధి వెనక సందులో ఒక గది తీసుకుని ఉండిపోయింది. నాకంటే పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లాయ్ అనేది. చెల్లాయ్ అంటూనే మాట చివర అండీ తగిలించేది. గడపలో పడుకున్న పిల్లిని కూడా ‘కాస్త అవతలికి జరగండి’ అనేది. నేను నెల్లూరు పక్కనుంచి ఇక్కడికి కోడలుగా వచ్చినదాన్ని. మా వైపు ఉన్నమాట మొహాన కొట్టి మాట్లాడతాం. ఈ అండీల మధ్య నాకు ఊపిరాడేది కాదు.

దేవుడికి కూడా అండీయే. అందరూ ఆయన్ని నీవు అనే పిలుస్తారు. ఈమె చీరకొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక చెయ్యి సంచీ మీద వేసుకుని, “ప్రభువా, తమరు చూస్తానే ఉన్నారు కదండీ, మళ్ళీ చెప్తున్నానని ఏమీ అనుకోకండి” అని మొదలుపెట్టేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

“ఏంది అక్కా ఇది? బైబిలు వాక్యంలో అంతా నీవు అనే కదా ఉండేది. నువ్వు యాడ నేర్చుకున్నావు ఈ మర్యాద?”

“అయి రాసినోళ్ళు ఆయనకి బాగా దగ్గరోళ్ళయ్యుంటారండి. మనకంత చనువెక్కడిదండీ? రోజూ ఇంటికొచ్చే పెద్దాయన్ని నువ్వు అంటే బాగోదు.”

“రోజూ వస్తాడా మీ ఇంటికి?”

“మరి రాకపోతే నేనింతసేపూ ఎవరితో మాట్టాడుతున్నట్టండీ?”

ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

మాట్లాడేది కూడా కొంచెమా! ప్రార్థనకు కూచుందంటే వీధి మొత్తం దేవుడి ముందు పరిచేది. కార్పొరేషన్ పంపులో నీళ్ళు. సిలిండరు మోసే అబ్బాయి నడుము. ఎదురింటి వాళ్ళ ఆవు ప్లాస్టిక్ తింటున్న సంగతి. నాతోనే ఉండే నా కూతురి ఆఫీసు, అక్కడ మేనేజరు కోపం. ఆఖరుకు అరియాంకుప్పంలో పూలు కట్టి అమ్మే ఆమె కోడి. ఆ కోడి ఇంట్లో గుడ్డు పెట్టకుండా పక్కింటి గడ్డివాములో పెట్టి వస్తుందట. దాని బుద్ధి మార్చమని వారం వారం విజ్ఞాపన! ఒక కన్ను తెరిచి చూసేదాన్ని. ఆమె మొహం కడిగిన పళ్ళెంలాగా ఉండేది. ఈలోపల నా పాలు పొంగి స్టవ్వు మీద పడేవి. పాలు పోయె, గ్యాసు పోయె, తుడవను మళ్ళీ నా నడుము పోయె.

“దేవుడికి వేరే పని లేదా అక్కా, కోడి గుడ్డు చూసుకుంటా కూచోను?” అనేదాన్ని.

“ఉంటాదండి. అందుకే గుర్తు చెయ్యాలి.”

దాంతో మా ఇంట్లో ఒక చట్టం పెట్టాను. ఎవరైనా సరే, స్టవ్వు ఆర్పకుండా ప్రార్థనకు కూచోకూడదు. ఆమె గుమ్మంలో కనబడగానే నా చెయ్యి ముందు గ్యాసు మీదికి పోయేది. మనవరాలు నవ్వేది. “అవ్వా, ఆమెను చూస్తే నీకు దేవుడు గుర్తుకు రాడు, సిలిండరు గుర్తుకొస్తుంది” అని.

ఆమె నా ఇంట్లో అడుగుపెట్టింది ఎప్పుడో చెప్పాలి. మా ఆయన పోయిన నెల. పెద్ద మార్కెట్లో ఉల్లిపాయల వ్యాపారం ఆయనది. పొద్దున పోయి, మధ్యాహ్నం ఆకలితో వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, పళ్ళెం ముందు కూచునేవాడు. మాకిద్దరికీ మాటలు తక్కువ. కూడు పెట్టడం, తినడం, అదే మాట. ఆయన పోయాక చర్చివాళ్ళు వచ్చారు. తమిళంలో మంచి మాటలు చెప్పారు. తమిళం నాకు రాక కాదు. తమిళంలో బేరం ఆడగలను, ఇంటి ఓనరుతో పోట్లాడగలను. ఏడవాలంటే మాత్రం నాకు తెలుగు కావాలి. వాళ్ళు చెప్పినదంతా చెవిదాకా వచ్చి ఆగిపోయేది.

అసలు చిక్కు వేరే. రోజూ అన్నం మిగిలిపోయేది. ఇన్నేళ్ళు కొలిచిన చెయ్యి ఆయనకు కూడా కలిపి కొలిచేసేది. నేను తగ్గించాలనుకునే పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. డబ్బాలో చెయ్యి పెడితే ఆ చెయ్యి నా మాట వినేది కాదు. మిగిలిన అన్నం పొద్దున చద్దిగా తినేదాన్ని. అదీ మిగిలేది. పారెయ్యడం నా జన్మలో లేదు. తినలేక తినలేక, ఒకరోజు పళ్ళెం ముందు కూచుని అన్నం మీద కోపంతో గోడవైపు చూస్తుంటే, ఎప్పుడూ చూడని ముసలామె ఒకతె సంచీతో లోపలికి వచ్చింది.

ఓదార్చలేదు. దేవుని చిత్తం అనలేదు. పళ్ళెం చూసింది, గిన్నె చూసింది.

“బియ్యం ఎక్కడ పెడతారండీ?”

“ఎందుకు?” అన్నాను, మర్యాద లేకుండానే.

“రోజూ ఇంతే మిగుల్తుందాండీ?”

ఆమె వంటింట్లోకి పోయి, చుట్టూ చూసి, పైన ఉన్న ఖాళీ బిస్కెట్టు డబ్బా దింపింది. కొంగుతో తుడిచింది.

“చెయ్యి మాట వినదండి. నాదీ వినలేదు. దాంతో పోట్లాడకండి చెల్లాయ్. ఎప్పట్లాగే కొలవండి. కొలిచాక ఆ ఎక్కువైన పిడికెడు కడక్క ముందే తీసి ఇందులో ఎయ్యండి. అది ఇంక ఆయనది కాదు, మీదీ కాదు. ప్రభువుదండి. శుక్రవారం వచ్చి పట్టికెళ్తాను.”

అంతే చెప్పింది. తర్వాత కూచుని ప్రార్థన చేసింది. పొడుగ్గానే చేసింది. నా మొగుడి పేరు తెలియక “ఈ ఇంటి పెద్దాయన” అంది. పేరు చెప్పాను. చెప్పేటప్పటికి నాకు ఏడుపొచ్చింది. ఆయన పోయాక తెలుగులో ఏడవడం అదే మొదలు. ఆ రోజునుంచి మా ఇంట్లో అన్నం మిగల్లేదు. ఇది మహిమ అని నేను అనను. లెక్క అంటాను. కానీ ఆ లెక్క చెప్పేవాళ్ళు నాకు అంతవరకు ఎవరూ దొరకలేదు.

ఆ బియ్యం ఆమె వేలానికి పెట్టేది కాదు. శుక్రవారం మధ్యాహ్నం ఆమె గదిలో కూడిక జరిగేది. తెలుగు ఆడవాళ్ళం అయిదారుగురం. ఇక్కడ తరతరాలుగా ఉంటూ తెలుగు మాట్లాడతారే గాని అక్షరం రానివాళ్ళే ఎక్కువ. ఆమె వాక్యం చదివేది, మేం వినేవాళ్ళం. తర్వాత ఆ బియ్యంతోనే గంజి. అందరం తాగి, మిగిలింది సందులో ఎవరికి కావాలంటే వాళ్ళకు. అరియాంకుప్పం పూలామె కూడా బుట్టతో వచ్చి, గంజి తాగి, సాయంత్రం అమ్మకానికి పోయేది.

ఆ గంజి ఉంది చూశారా, దానిలాంటి గంజి లోకంలో ఉండదు. ఒక ఇంట్లో సన్న పొన్ని బియ్యం. ఒక ఇంట్లో ఉప్పుడు బియ్యం. ఇంకో ఇంట్లో ఇడ్లీకి తెచ్చిన దొడ్డ బియ్యం. ఎవరింట్లోదో రేషన్ బియ్యం కూడా ఉండేది, రంగుతోనే తెలిసిపోతుంది. అన్నీ ఒకే సంచీలో. పచ్చి బియ్యం జావ అయిపోయేసరికి ఉప్పుడు బియ్యం ఇంకా గులకరాయి. అది ఉడికేసరికి ఇది పసిపిల్లల కూడు. తాగుతుంటే సగం జారిపోయేది, సగం పంటికింద తగిలేది. వంట తెలిసిన ఏ మనిషైనా ఎట్లా ఓర్చుకుంటుంది?

“అక్కా, రకానికొక చిన్న సంచీ పెట్టుకో. నేను కుట్టిస్తాను, పాత పావడాలు ఉన్నాయి. ఒక్కొక్కటి విడిగా వండుదాం.”

“వద్దండీ.”

“పోనీ కూచుని చాటలో నేను ఏరతాను.”

“వద్దండీ చెల్లాయ్.”

“ఎందుకు వద్దు? నీకు పళ్ళు లేవు గనక తెలియదు. తాగేవాళ్ళ సంగతి చూడు.”

అప్పుడు ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

“ఏరితే ఎవరిది ఏదో తెలిసిపోద్దండీ. రేషన్ బియ్యం ఎవరిచ్చారో మీకు తెలుస్తుంది. మీకు తెల్సినట్టు ఆవిడికీ తెలుస్తుంది. పై వారం నించి ఆవిడ రాదండి.”

ఒళ్ళు మండింది. ఆమె చెప్పింది తప్పయితే అంత మండేది కాదు. కానీ గంజి ఉడకడం లేదన్నది కూడా నిజమే కదా! దయాగుణం ఉంటే గింజలు ఒకటిగా ఉడుకుతాయా? రెండు శుక్రవారాలు పళ్ళు బిగబట్టుకుని తాగాను. మూడో వారం ఆమె దగ్గర సంచీ లాక్కుని మా ఇంటికి తెచ్చి, అన్నీ కలిపి కడిగి, గుడ్డమీద ఆరబోసి, మిక్సీలో వేసి నూక చేశాను. నూక చేస్తే పొన్నీ లేదు, రేషనూ లేదు. అన్నీ ఒకేసారి ఉడుకుతాయి. జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు. ఆ మధ్యాహ్నం ఎవరూ గిన్నెలో చుక్క మిగల్చలేదు.

“ఈ వారం గంజి ఏంది ఇంత బాగుండాది?” అంది పూలామె.

నేను అక్క వైపు చూశాను. చెబుతుందేమోనని. ఆమె కొంగు తలమీదికి లాక్కుంది. “ప్రభువా, తమరే మా గంజి రుచి చేశారండీ, తమరికి స్తోత్రాలండీ” అంది. మిక్సీ నాది. కరెంటు నాది. ఆరబోసిన గుడ్డ నా కొత్త తువ్వాలు. స్తోత్రం మాత్రం ఆయనకు! ఇంటికి వచ్చేదాకా గొణుక్కుంటానే వచ్చాను. అయినా ప్రతి శుక్రవారం పొద్దున సంచీ నా ఇంటికే వచ్చేది, నేను నూక చేసి ఇచ్చేదాన్ని. నా పేరు ఒక్కసారి కూడా ప్రార్థనలో ఆ సంగతికి కలపలేదు. ఒక్కసారి కూడా.

ఇంకొకటుంది. కూడికలో చదవడం అయ్యాక “ఈరోజు ప్రార్థన చెల్లాయి చేస్తారండి” అనేది. ప్రతివారం. నేను “నాకు రాదు” అనేదాన్ని. ప్రతివారం. చదివింది నాలుగో తరగతి. పైగా కళ్ళు మూసుకుని పదిమంది ముందు ఎదురుగా లేనివాడితో మాట్లాడాలంటే నాకు సిగ్గు. నా కష్టం నా కడుపులో ఉండాలి గాని బయట పరిచేదేంది?

“రాకపోతే పోనీండి. కూడా కూర్చోండి చాలు” అనేది.

నేను కూడా కూచునేదాన్ని. అంతవరకే నా భక్తి. ఆమె మాట్లాడుతుంటే నేను పక్కన ఉండడం. రోడ్డు దాటించడానికి ఒకరు చెయ్యి పట్టుకుంటే రెండోవాళ్ళు వాహనాలు చూడకుండా నడిచిపోతారే, అట్లా.

మోకాళ్ళు ఆమెకు బాగా అరిగిపోయాయి. మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకునేది. “ఊరందరి నడుములకూ ప్రార్థన చేస్తావు, నీ మోకాలు బాగుపడిందా?” అని ఒకసారి గట్టిగానే అడిగాను.

“లేదండీ.”

“మరి?”

“నొప్పి ఉందండి. ఒక్కదాన్నే ఉన్నానా అంటే, అది మాత్రం లేదండి.”

ఆ మాట నాకు అప్పుడు నచ్చలేదు. ఇప్పుడు కూడా, నిజం చెప్పాలంటే, కొంచెం కోపంగానే ఉంటుంది. ఎందుకంటే ఒక్కతె కాకుండా ఉండడం ఆమెకు వచ్చు. నాకు నేర్పించకుండానే పోయింది.

ఈస్టరు దగ్గర పడుతుండగా, మట్టల ఆదివారానికి ముందు ఒంట్లో బాగాలేదని గోరిమేడు పెద్దాసుపత్రిలో చేర్చారు. నేను ఫ్లాస్కులో నూక గంజి పోసుకుని, బస్సు మారి, ఎండలో పడి పోయాను. ఒక మాట చెప్పాలని పోయాను. ఏం మాటో ఇక్కడ రాయను. ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పి ఏం లాభం? మంచం దగ్గర ఇంకా స్టూలు లాక్కోకముందే ఆమె చెయ్యెత్తి పక్క మంచం చూపించింది.

“చెల్లాయ్, ఆవిడ మన తెలుగావిడేనండి. చిత్తూరు వైపు. కొడుకు మందులకెళ్ళాడు. తమిళం రాక పొద్దున్నించీ ఎవరితో మాట్టాడలేదండి పాపం. కాస్త అటు కూర్చోండి.”

“నేను నిన్ను చూడను వచ్చినా అక్కా.”

“చూశారు కదండీ. గంజి ఆవిడికి కూడా కాస్త పొయ్యండి.”

ముక్కూ మొహం తెలియని మనిషి మంచం పక్కన కూచుని, ఆమె కోడలిమీద చాడీలు వింటూ సందర్శకుల వేళ మొత్తం గడిపాను. గంజి సగం ఆమెకే పోయింది. గంట కొట్టి అందరినీ బయటికి పొమ్మంటుంటే ఇటు తిరిగాను. అక్క నన్ను చూసి నవ్వుతోంది, తాను గెలిచినట్టు.

“డబ్బా నిండిందాండీ?”

“నీ ఒళ్ళు చూసుకో ముందు.”

“శుక్రవారం ఎవరెళ్తారండీ సంచీ పట్టుకుని?”

“నువ్వే పోదువు, లే” అన్నాను. కాపలామనిషి తొందరపెడుతున్నాడు.

ఆ శుక్రవారం రాకముందే ఆమె వెళ్ళిపోయింది.

సమాధి దగ్గర జనం బాగానే వచ్చారు. తమిళంలో పాటలు పాడారు. మంచి విశ్వాసి అన్నారు, ప్రార్థనా వీరురాలు అన్నారు. ఆమె ఉండి ఉంటే ఆ మాటకు చెవులు మూసుకునేది. మా చర్చి పెద్ద, నన్ను పాటీ, అంటే అవ్వా, అని పిలిచే ఒకాయన నా దగ్గరికి వచ్చి, “తెలుగు కూడిక ఆగకూడదు పాటీ, ఫోనులో గ్రూపు పెట్టించాం, రోజూ ఒక వచనం వస్తుంది” అన్నాడు. వస్తోంది. రోజూ వస్తోంది, పువ్వు బొమ్మతో. అక్షరం రానివాళ్ళు ఆ పువ్వు చూసి చేతులు జోడించే బొమ్మ పంపుతున్నారు. ఎవరు ఎవరి పక్కన కూచున్నారు? గంజి ఎక్కడుంది? బియ్యం సంగతి అడిగాను. “బియ్యం ఇప్పుడు ఎవరు మోస్తారు పాటీ, కవర్లో వేసేయండి” అన్నాడు. మంచివాడే. నాకు మాత్రం ఆయన్ని నాలుగు తిట్టాలనిపించింది.

అదిగో, అట్లా నిండింది డబ్బా. నిన్న పురుగు చూసి నేను తిట్టుకుంటుంటే నా కూతురు అంది: “అమ్మా, మన బియ్యమే కదా. బాగుచేసి మళ్ళీ మన డబ్బాలో పోసెయ్. లేకపోతే పావురాలకు వెయ్.”

“అది మనది కాదు.”

“మరి ఎవరిది? వచ్చి తీసుకుపొమ్మను.”

కూతురు తప్పేమీ అనలేదు. అందుకే ఎక్కువ మండింది. వాక్యంలో, కరువులో ప్రవక్తకు రొట్టె చేసిపెట్టిన ఒక విధవరాలికి తొట్టిలో పిండి తరగలేదంటారు. సంతోషం. నా డబ్బాలో బియ్యం తరగక పురుగు పట్టింది. ఇది ఏ రకం ఆశీర్వాదం? దేవుడు తన వాటా తాను తీసుకోడు, నన్ను తిరిగి తీసుకోనివ్వడు. తీసిపెట్టడం మానేద్దామంటే చెయ్యి వినదు. మానేస్తే మళ్ళీ అన్నం మిగలడం మొదలవుతుంది. అప్పుడు నేను ఏ గోడవైపు చూడాలి?

చాటలో పోసి పురుగు ఏరాను. ఎండలో పెట్టాను. సాయంత్రానికి ఒక నిర్ణయానికి వచ్చాను. పోయి కూడికకు వచ్చే ఆ నాలుగిళ్ళవాళ్ళకీ చెప్పేస్తాను. ఇంక తీసిపెట్టకండి, తీసుకోను ఎవరూ రారు, మీ ఇళ్ళలో కూడా పురుగు పట్టించుకోకండి అని. బియ్యం పారేసుకోకూడదు, ఎవరిదైనా సరే. ముందు దూరం ఇల్లు. ఈ పొద్దున నా బియ్యం ఒక సంచీలో పోసుకుని అరియాంకుప్పం బస్సెక్కాను. ఆ సంచీ ఎందుకు తీసుకుపోయానంటే, దారిలో ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చని. అంతకుమించి ఏమీ లేదు.

పూలామె గడపలో కూచుని మల్లెలు కడుతోంది. లోపల పొయ్యిమీద అన్నం ఉడుకుతోంది. నన్ను చూసి బుట్ట పక్కకు నెట్టి లేచింది.

“వాంగ, రా పెద్దమ్మా! ఏంది ఇన్ని నాళ్ళు ఒకరూ రాలే? ఫోన్లో ఏందో వొస్తా ఉండాది, నాకు చదవను రాదు. నేను పువ్వు చూసి పెట్టేస్తా.”

“అది చెప్పను వచ్చినా” అన్నాను. “ఇంక…”

నా మాట పూర్తికాకముందే లోపలికి పోయి స్టీలు డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నిండుగా ఉంది. పైన వేపాకు, నాలుగు ఎండు మిరపకాయలు. నేను వెయ్యని వేపాకు ఆమె వేసింది. ఎవరో ఒకరు వస్తారని దాచి పెట్టింది. ఆకులు పక్కకు తీశాను. రేషన్ బియ్యం.

ఆమె నా మొహం చూస్తోంది. నేను సంచీ విప్పి, ఆ బియ్యం అందులో వొంపి, మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపేశాను, నా పొన్ని ఏదో ఆమెది ఏదో దేవుడికి కూడా తెలియనంతగా.

తలెత్తేసరికి ఆమె చాప పరిచింది. కొంగు తలమీద వేసుకుని, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని కూచుంది. అడగను కూడా అడగలేదు. సంచీ పట్టుకుని వచ్చిన మనిషి ప్రార్థన చెయ్యాలి, అంతే ఆమెకు తెలిసింది. నాకు రాదు అని చెప్పాలంటే ఆమె కళ్ళు తెరవాలి. తెరవడం లేదు.

“ప్రభువా, ఈ ఇంటిని చూసుకో. ఆమేన్.”

ఆమె ఒక కన్ను తెరిచింది.

“అయిపోయిందా పెద్దమ్మా?”

“అయిపోయింది.”

“కోడిని చెప్పలే. ఆ యమ్మ ఒకటీ వదలదు” అంది.

నాకు కోపం వచ్చింది. ఆమెమీద, కోడిమీద, మంచంమీద పడుకుని గెలిచినట్టు నవ్విన ఆ మనిషిమీద. “సరే, మూసుకో కళ్ళు” అన్నాను. నేనూ మూసుకున్నాను. ఒక చెయ్యి సంచీ మీద ఉంది.

“ప్రభువా, మళ్ళీ చెప్తున్నానని ఏమీ అనుకోవద్దు. నాకు మర్యాదలు తెలియవు. ఇంతవరకు నా బదులు మాట్లాడిన మనిషిని నువ్వు తీసుకుపోయినావు. అడగకుండా తీసుకుపోయినావు. నాకు కోపంగా ఉండాది. రోజూ ఇంటికి వస్తావంట కదా నువ్వు, ఆమె చెప్పింది. మా ఇంటికి కూడా రా. వచ్చి కూచో. మాట్లాడకపోయినా పరవాలేదు, మా ఇంట్లో అది అలవాటే…”

నా మొగుడి పేరు వచ్చింది. నా కూతురి మేనేజరు వచ్చాడు. సిలిండరు అబ్బాయి నడుము, చిత్తూరు ముసలామె, ఎదురింటి ఆవు వచ్చాయి. ఇవన్నీ నా నోట్లో ఎప్పుడు చేరాయో నాకే తెలియదు.

లోపల అన్నం అడుగంటుతున్న వాసన వచ్చింది. నా ముక్కు బాగానే పనిచేస్తుంది. ఎవరింట్లో అయినా ఆ వాసన వస్తే లేచి పోయి పొయ్యి ఆర్పే మనిషిని నేను.

లేవలేదు. ఇంకా కోడి దగ్గరికి రాలేదు.